ఎర్రగుంపు కింద కొర్రమీను

తొలకరి పడ్డ కొన్ని వారాలకు కారంపూడి వైపు నాగులేరు మడుగుల దగ్గర కదలకుండా కూర్చుంటే ఒక సంగతి కనిపిస్తుంది. తుంగ మొక్కల పక్కన, నీటి పైపొరలో, పళ్లెమంత మేర ఎర్రగా ఏదో మసులుతుంటుంది. ఎవరో కుంకుమ నీళ్లు పారబోశారేమో అనుకుంటాం. చూస్తుండగానే ఆ ఎరుపు ముందుకు జరుగుతుంది, చీలుతుంది, మళ్లీ ముద్దగా కలుస్తుంది. అవి కొర్రమీను పిల్లలు. వందల్లో ఉంటాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజకన్నా కాస్త పొడుగు, అంతే. ఉండుండి గుంపంతా ఒక్కసారే పైకొచ్చి, చిరుచినుకులు పడ్డట్టు నీటిని చిటచిటలాడించి దిగిపోతుంది. ఊపిరి పీల్చుకోవడానికి వచ్చిన రాక అది. కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు. తలలో మొప్పల పైన గాలిని పట్టే గది ఒకటి ఉంటుంది. పైకి రానివ్వకుండా వలలో నీటి అడుగున బిగించి పెడితే, చేపై ఉండి కూడా ఊపిరాడక చనిపోతుంది.

ఆ ఎర్రగుంపు కింద, కంటికి అందని లోతులో, తల్లీ తండ్రీ ఉంటాయి. గూడు కట్టింది అవే. గట్టువార నాచునూ గడ్డినీ తొలగించి గుండ్రంగా ఖాళీ చేసుకుంటాయి. తేనెరంగు గుడ్లు అక్కడ పైకి తేలుతాయి. సుమారు ఒక రోజుకు గుడ్లు పిల్లలవుతాయి. ఆ తర్వాత పిల్లల ఒంటి మీద ఎరుపు పోయేదాకా, వారాల తరబడి, పెద్దవి కాపలా మానవు.

ఈ కాపలా సంగతి తెలిసిన గాలపు వేటగాళ్లు దాన్నే ఎరగా వాడుకుంటారు. కొక్కేనికి చిన్న కప్పను గుచ్చి ఎర్రగుంపు మీదుగా మెల్లగా లాగుతారు. పిల్లలున్నప్పుడు కొర్రమీను కప్పను ఆకలితో పట్టదు, కోపంతో కొడుతుంది. ఒక్క దెబ్బకు నీళ్లు ఎగిరిపడతాయి, బెండు మునుగుతుంది. చిన్నప్పుడు మా మామయ్య పక్కన నిలబడి ఆ వెదురు కర్ర నేనూ పట్టుకున్నాను. కిలో పైచిలుకు చేప పడింది. ఇంటిల్లిపాదీ పులుసు తిన్నాం. మర్నాడు అదే మడుగుకు వెళితే ఎరుపు లేదు. ఎక్కడికో పోయాయిలే అన్నాను. మామయ్య మాట్లాడలేదు. జెల్లలూ పక్కెలూ బారులు కట్టి వచ్చి వాటిని ఏరుకు తిన్నాయని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మేం తిన్నది ఒక చేపను కాదు, ఒక మడుగు ఏడాది కాన్పును.

మనం పల్నాటి గట్టున చూసే ఈ తంతునే, ఇంకో చేప విషయంలో, అమెరికా వాళ్లు దశాబ్దాలుగా లెక్కలు కట్టి చూస్తున్నారు. ఆ చేప పేరు లార్జ్‌మౌత్ బాస్. మన పండుగప్పను కూడా ఇంగ్లిషు మాటల్లో సీబాస్ అంటారు గానీ, దానికీ దీనికీ చుట్టరికం తక్కువ. లార్జ్‌మౌత్ బాస్ మంచినీటి చేప. పెద్ద నోరు, మాటువేసి కొట్టే స్వభావం, గడ్డి మాటు, కప్పలంటే ఇష్టం. గుణంలో అది మన కొర్రమీనుకు జోడీ. పిల్లల దగ్గర కాపలా ఉండేది మాత్రం మగది ఒక్కటే. తోకతో ఇసుక ఊడ్చి పళ్లెంలా గూడు చేసి, ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోయాక, తిండి కూడా దాదాపు మానేసి కావలి కాస్తుంది. ఆ మగచేపను గాలం మీద పైకి లాగిన కొద్ది నిమిషాలకే బ్లూగిల్ అనే చిన్న చేపలు గూటి మీద పడి గుడ్లను ఖాళీ చేస్తాయి. తిరిగి నీళ్లలో వదిలినా, అలసిపోయి గూటికి చేరేసరికి అక్కడ కాపాడుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఇల్లినాయి రాష్ట్రంలో రిడ్జ్ లేక్ అని ఒక చిన్న చెరువు ఉంది. అక్కడ గాలానికి పడ్డ ప్రతి బాస్‌కూ గుర్తు వేసి, లెక్క రాసి, మళ్లీ వదిలేవారు. కొన్నేళ్లకు చెరువు నీళ్లు తీసేసి చూస్తే, నాలుగైదుసార్లు గాలానికి పడ్డ చేపలూ ఉన్నాయి, ఒక్కసారీ పడనివీ ఉన్నాయి. డేవిడ్ ఫిలిప్ బృందం ఈ రెండు రకాలనూ వేరువేరుగా మూడు తరాలు పెంచింది. తరం మారేకొద్దీ తేడా పెరిగింది. గాలానికి తేలిగ్గా పడే గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతోందని 2009లో ప్రకటించారు. ఆ తర్వాత 2012లో వచ్చిన మరో పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎరను గట్టిగా కొట్టే మగచేపలే గూటిని గట్టిగా కాస్తున్నాయట, వాటి పిల్లలే ఎక్కువగా బతుకుతున్నాయట. అంటే గాలం ఏరి ఏరి పట్టుకుపోతున్నది మంచి తండ్రులను. తరాల తరబడి అలా తీస్తూ పోతే చెరువులో మిగిలేవి భయస్థులు, కాపలా సరిగా కాయనివి.

నాగులేటి కొర్రమీను మీద ఇలాంటి ప్రయోగం చేయకపోయినా, కప్పను కొట్టే చేపే కాపలా కాసే చేప అన్న సంగతి గట్టున కూర్చున్న ఎవరికైనా అర్థమవుతుంది.

అమెరికాలో ఈ చేప కోసం చట్టాలు పుట్టాయి. దొంగతనంగా పట్టిన బాస్‌ను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించకూడదని 1926లోనే బ్లాక్ బాస్ చట్టం తెచ్చారు. 1950లో ఇంకో చట్టం వచ్చింది. గాలపు కర్రల మీదా చక్రాల మీదా ఎరల మీదా పది శాతం పన్ను వేసి, ఆ డబ్బును రాష్ట్రాల మత్స్యశాఖలకే పంచుతారు. గాలం కొన్నవాడు కడుతున్నది చేప పెంపకానికే అన్నమాట. ఆ డబ్బుతోనే అధికారులు చెరువుల్లో చేపలు లెక్కపెడతారు. పడవ ముందు నుంచి నీటిలోకి సన్నగా కరెంటు వదులుతారు. చేపలు చావవు, స్పృహ తప్పి తేలుతాయి. పొడవు కొలిచి, బరువు తూచి, పొలుసు ఒకటి తీసుకుని వదిలేస్తారు. చెట్టు మానులో వలయాల్లా పొలుసు మీద గీతలుంటాయి. వాటిని బట్టి వయసు చెబుతారు. ఏ వయసు చేపలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే, ఏ సైజు పట్టుకోవచ్చో నిర్ణయించవచ్చు.

టెక్సస్‌లో ఇప్పుడు తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. శని, ఆదివారాల్లో పిల్లల్ని తీసుకుని గాలాలతో చెరువులకు వెళ్లేవాళ్లూ ఉంటారు. అక్కడ మామూలు నిబంధన ఏమిటంటే, పద్నాలుగు అంగుళాలకన్నా పొట్టి బాస్‌ను ఇంటికి తీసుకెళ్లకూడదు. రోజుకు ఐదుకు మించకూడదు. లేక్ ఫోర్క్ అనే చెరువులో ఇంకో పద్ధతి. పదహారు అంగుళాలకు లోపువి పట్టుకోవచ్చు, ఇరవై నాలుగు దాటినది ఒక్కటి మాత్రం పట్టుకోవచ్చు, మధ్యలోవి వదిలేయాలి. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు తలకిందులుగా అనిపించింది. చిన్నవాటిని తినొచ్చు, నడివయసువాటిని వదలాలా అని. లెక్క చూస్తే తెలిసింది. పిల్ల చేపలు మరీ ఎక్కువైతే తిండి చాలక అన్నీ గిడసబారిపోతాయి. వాటిని కొంత పలచబరిస్తేనే మిగతావి ఎదుగుతాయి. ఏటా గుడ్లు పెట్టే నడివయసు చేపలు చెరువుకు పెట్టుబడి. అందుకే వాటిని ముట్టుకోనివ్వరు. అదే రాష్ట్రంలో 1986 నుంచి ఇంకో ఏర్పాటు ఉంది. పదమూడు పౌండ్లు, అంటే ఆరు కిలోలకు కాస్త తక్కువ, ఆ బరువు దాటిన బాస్ గాలానికి పడితే దాన్ని ప్రాణంతో అధికారులకు అప్పగించవచ్చు. వాళ్లు దాని నుంచి పిల్లలు తీయించి చెరువుల్లో వదులుతారు.

పట్టి వదిలేయడం అనే అలవాటు కూడా అధికారులు రుద్దింది కాదు. 1968లో రే స్కాట్ అనే ఆయన బాస్ వేటగాళ్లందరినీ కూడగట్టి సంఘం పెట్టాడు. నాలుగేళ్లకు, పోటీల్లో పట్టిన చేపలను చంపకుండా వదలాలని నియమం పెట్టాడు. చేపల్ని ఎక్కువగా పట్టేవాళ్లే ముందు వదలడం మొదలుపెట్టారు. ఈ ముక్క నన్ను బాగా పట్టుకుంది.

మన దగ్గర చేప పులుసు కోసం, పొట్టకూటి కోసం. వదిలేయడం ఎవరికి కుదురుతుంది? ఆ మాట నిజమే. అందుకే మాచర్ల దాటి సాగర్ ఒడ్డుకు వెళ్లాలి. అసలు కథ అక్కడుంది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. కుడికాల్వ నీళ్లతో మాచర్ల, గురజాల, నరసరావుపేట మెట్టపొలాల రాత మారింది. దాని గురించి మనకు బాగా తెలుసు. కానీ డ్యామ్ కట్టగానే కృష్ణమ్మ ఏరు కాస్తా ఇరవై ఎనిమిది వేల హెక్టార్ల సరస్సు అయింది. రాళ్ల మధ్య పరుగెత్తే నీటికి అలవాటుపడ్డ చేపలకు ఒక్కసారిగా నిలవ నీరు వచ్చింది. ఆ నిలవ నీటిలో చేప ఉందని తెలిసి కోస్తా నుంచి, ఉత్తరాంధ్ర వైపు నుంచి కూడా మత్స్యకారులు సంసారాలతో తరలివచ్చారు. సముద్రం మీద పెరిగినవాళ్లు కొండల మధ్య సరస్సు ఒడ్డున పాకలు వేసుకున్నారు. ఈ రోజుకీ విజయపురి సౌత్ నుంచి అనుపు దాకా ఒడ్డున నిలబడితే పల్నాటి యాస పక్కనే ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది.

సాగర్ ఎంత చేప ఇవ్వగలదు? దేశంలోని జలాశయాల మీద వి.వి.సుగుణన్ 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోసం ఒక పెద్ద అధ్యయనం రాశారు. అందులో తేలింది ఏమిటంటే, చిన్న జలాశయాలు హెక్టారుకు ఏడాదికి సగటున యాభై కిలోల దాకా ఇస్తుంటే, సాగర్ లాంటి పెద్దవాటి సగటు పదకొండు కిలోల చిల్లర. ఆ సగటునే సాగర్‌కు వేసి చూస్తే సుమారు 325 టన్నులు వస్తుంది. హెక్టారుకు యాభై కిలోలు తీయగలిగితే 1,400 టన్నులు దాటుతుంది. రెండు అంకెల మధ్య ఉన్న తేడా ఎన్నో పాకల్లో అన్నం. ఆ తేడా ఎక్కడికి పోతోంది?

కొంత పోయేది నీటిమట్టంలో. సాగర్ నిండితే 590 అడుగులు. అడుగంటితే 510. ఏటా ఎన్నో అడుగులు దిగి మళ్లీ ఎక్కే సరస్సు ఒడ్డున నాచు పట్టదు, నీటిమొక్క నిలవదు, మొక్కను నమ్ముకున్న పురుగూ నత్తా బతకవు. చేప పిల్లకు మొదటి ఇల్లు ఒడ్డే. ఆ ఇల్లు ఏటా కూలిపోతుంది.

ఇంకొంత పోయేది కాన్పులో. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు లాంటి పెద్ద చేపలు కొర్రమీనులా గూడు కట్టవు, కాపలా కాయవు. వానాకాలం వరద వచ్చి నీరు ఎర్రబారి పరుగు పెడితే, ఆ పరుగులోకి ఎదురెక్కి గుడ్లు వదిలేస్తాయి. తల్లి బరువు కిలోకు లక్ష, రెండు లక్షల గుడ్లు. అవి నీటిలో తేలుతూ కొట్టుకుపోతూనే పదిహేను, పద్దెనిమిది గంటల్లో పిల్లలవుతాయి. కొర్రమీను కాపలాను నమ్ముకుంటే, బొచ్చె లెక్కను నమ్ముకుంటుంది. అందులో మిగిలేవి చాలా కొద్ది. ఈ లెక్క పనిచేయాలంటే పారే నీరు కావాలి. సాగర్‌కు పైన శ్రీశైలం డ్యామ్, కింద సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్, ఆ కింద పులిచింతల. మన పల్నాడు పొడవునా కృష్ణమ్మకు మెట్లు కట్టేశాం. పైనుంచి గేట్లు ఎత్తినప్పుడే వరద. డ్యామ్ లోతు నుంచి పవర్‌హౌస్ గుండా వచ్చే నీరు చల్లగా ఉంటుంది. కాన్పుకు సిద్ధమైన చేపకు కావలసిన వెచ్చదనం అందులో తక్కువ. గేట్లు ఎత్తితే కిందికి కొట్టుకుపోయిన తల్లి చేప మళ్లీ పైకి ఎక్కలేదు. గేట్లు దించాక డ్యామ్ కింద రాతి గుంటల్లో చేపలు చిక్కుకుంటే జనం సంచులతో పరుగెత్తడం మనందరం చూశాం. ఆ సంచుల్లో వెళుతున్నవాటిలో కడుపుతో ఉన్న తల్లులూ ఉండవచ్చు.

ఆనకట్ట కడితే చేపకు దారి మూసుకుపోతుందన్న దిగులు కొత్తదేమీ కాదు. ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు బ్రిటిషు ప్రభుత్వం తరఫున దేశంలోని మంచినీటి చేపల మీద తిరిగి పరిశీలించి 1873లో నివేదిక ఇచ్చాడు. ఆనకట్టలతో పాటు, పిల్ల చేపల్ని సన్నకన్ను వలలతో ఊడ్చేయడం కూడా అప్పుడే ఆయనను కలవరపెట్టింది. 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. పేలుడు పదార్థాలతో, విషంతో చేపల్ని చంపడాన్ని ఆ చట్టమే నేరం చేసింది. వల ఎలాంటిదై ఉండాలి, దాని కన్ను ఎంత ఉండాలి అని నియమం పెట్టే అధికారాన్ని, అవసరమైతే రెండేళ్లకు మించకుండా ఒక నీటిలో వేటనే ఆపించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నూట పాతికేళ్లకు పైబడ్డ చట్టం అది. చదివితే నిన్న రాసినట్టుంటుంది.

వల కన్ను అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నా లెక్కన మొత్తం వ్యవహారం అక్కడే ఉంది. వలను లాగిపట్టి, ఎదురెదురు ముడుల మధ్య దూరం కొలిస్తే అది కన్ను. నీటిలో నిలువుగా వేలాడే నైలాన్ వల చేపను వెంటాడదు. చేపే వచ్చి తల దూరుస్తుంది. తల పట్టి ఒళ్లు పట్టకపోతే మొప్పల దగ్గర బిగుసుకుంటుంది. తల కూడా పట్టనంత పెద్దదైతే తిరిగిపోతుంది. ఒళ్లంతా పట్టేంత చిన్నదైతే అవతలికి వెళ్లిపోతుంది. అంటే వల అల్లినప్పుడే ఏ సైజు చేప చావాలో, ఏది బతకాలో తేలిపోయింది. టెక్సస్ వాడు కొలబద్ద పెట్టి కొలిచి వదిలేది మనవాడు వల కొనేటప్పుడే వదలొచ్చు. చేతికి పడ్డ చేపను వదలడం కష్టం. వలకు పడని చేపను వదలడం తేలిక.

అలవి వల ఈ లెక్కంతా తుడిచిపెట్టేస్తుంది. దోమతెర లాంటి సన్నకన్నుతో, వందల గజాల పొడవుతో, సరస్సు మూలలను చుట్టి ఒడ్డుకు లాగే వల అది. వేలు దూరని కన్నులోంచి ఏదీ తప్పించుకోదు. శ్రీశైలం, సాగర్ వెనుక జలాల్లో దీని మీద నిషేధం ఉంది, దాడులు జరుగుతుంటాయి, వలలు పట్టి తగలబెడుతుంటారు. అయినా వస్తూనే ఉంటాయి. ఒడ్డున ఎండబెట్టిన చేపల్లో చేయి పెట్టి చూస్తే బాధేస్తుంది. అరచేతిలో ఇరవై పడతాయి. అందులో పరిగెలతో పాటు బొచ్చె పిల్లలుంటాయి, తల పెద్దగా, నోరు పైకి తిరిగి, ఎండినా గుర్తుపట్టవచ్చు. మత్స్యశాఖ ప్రజల డబ్బుతో సరస్సులో పోయించిన పిల్లలు కూడా అందులో ఉండవచ్చు.

ఒక లెక్క వేసి చూడండి. ఇరవై గ్రాముల బొచ్చె పిల్లలు పది పట్టి ఎండబెడితే పచ్చి బరువే రెండు వందల గ్రాములు. వాటిని ఏడాది వదిలేస్తే సగం చస్తాయనే అనుకుందాం. మిగిలిన ఐదు, ఒక్కొక్కటి ముప్పావు కిలో చొప్పున పెరిగినా, నాలుగు కిలోలకు దగ్గర. ఇంకో ఏడాది ఆగితే అందులో రెండైనా కాన్పుకు వస్తాయి. అవి వదిలే గుడ్లను ఏ మత్స్యశాఖా కొనివ్వనక్కర్లేదు.

పిల్లల్ని పోయడం దండగ అని నా మాట కాదు. ఆ విద్య మన దేశం గర్వించదగ్గది. పెద్ద చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు కాబట్టి ఒకప్పుడు పిల్లల కోసం వరద నదుల్లో వెతుక్కునేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి చేపకు పీయూష గ్రంథి రసం సూది వేసి గుడ్లు పెట్టించారు. కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువులన్నీ ఆ సూది మొన మీద లేచినవే. జూలై 10ని జాతీయ చేపల రైతు దినంగా జరుపుతున్నది అందుకే. అయితే చెరువులో పని చేసింది సాగర్‌లో అలాగే చేయదు. చెరువులో శత్రు చేపల్ని ముందే తీసేస్తారు. సాగర్‌లో వాలుగ ఉంటుంది, పెద్ద జెల్ల ఉంటుంది, కొర్రమీను ఉంటుంది. అంగుళన్నర పిల్లను పోస్తే అది వాటికి పలారం. అందుకే తెలంగాణలో 2016 నుంచి నడుస్తున్న చేపపిల్లల పంపిణీలో చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లల్ని, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లల్ని లెక్క పెట్టారు. అదృష్టవశాత్తూ ఇది ఎవరైనా పరీక్షించగల విషయం. పిల్లల లారీ వచ్చిన రోజున సంఘం పెద్ద జేబులో స్కూలు స్కేలు ఉంటే చాలు.

సాగర్ కుడి ఒడ్డున ఇంకో శాఖ కూడా ఉంది. డ్యామ్ పైభాగం చాలావరకు నల్లమల పులుల అభయారణ్యంలోకి వస్తుంది. 1983లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ వల వేయాలంటే అటవీశాఖ మాట కూడా చెల్లుతుంది. మత్స్యశాఖకు చేప అంటే టన్నులు, ఉపాధి. అటవీశాఖకు చేప అంటే మొసలి నోటికి అందే ముద్ద. ఎత్తిపోతల జలపాతం కింద మడుగులో మొసళ్లు ఎండకు నోరు తెరుచుకుని పడుకోవడం మాచర్ల వెళ్లినవాళ్లంతా చూసే ఉంటారు. ఆ మొసలి వలను చింపుతుందని మత్స్యకారుడికి కోపం. వలలో చిక్కి మొసలి చస్తుందని రేంజర్‌కు బెంగ. ఇద్దరి మాటా నిజమే. కానీ అలవి వల దగ్గరకు వచ్చేసరికి ఇద్దరి నష్టమూ ఒకటే. పెద్ద చేపను తినే మొసలికీ, పెద్ద చేపను అమ్మే మనిషికీ పిల్ల చేప పెరగడం సమానంగా కావాలి. రెండు శాఖల పడవలు ఒకే రాత్రి కలిసి తిరిగితే సరస్సుకు ఎంత మేలో!

వానాకాలంలో రెండు నెలల వేట విరామం గురించి ఒడ్డున అడిగినప్పుడు, వల ముడి వేసుకుంటున్న ఒక పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు: “నానొగ్గేత్తే అది నీటిలో ఉండిపోద్దేటి బాబూ? పక్కోడి వల్లో పడిపోద్ది.” ఆయన మాటకు జవాబు చట్టంలో లేదు. అందరూ ఆగితేనే ఒకడు ఆగగలడు. సముద్రం మీద అది సాధ్యమైంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి, ఆ రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఆ పెద్దాయన చుట్టాలు కొందరు ఇప్పటికీ సముద్రం మీదే ఉన్నారు. వాళ్లకు ఆ డబ్బు వస్తుందని ఆయనకు తెలుసు. “ఆళ్లు ఆగుతున్నారు గదా” అని నేనంటే, “ఆళ్లకి తిండి ఎట్టి ఆపుతున్నారు” అన్నాడు. పోసే పిల్లలకు పెట్టే ఖర్చులో కొంత ఆగే మనుషులకు పెడితే ఏమవుతుందో లెక్క కట్టవలసినవాళ్లు కట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కొత్త చేపల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. 1952లో మన దేశానికి వచ్చిన తిలాపియా, మనవైపు జిలేబీ అనే చేప, గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. తల్లి ఎక్కడికెళ్తే గూడు అక్కడికే. అందుకే అది ఎక్కడైనా నిండిపోతుంది, నిండి గిడసబారుతుంది. దాని పిల్లల్ని తిని అదుపులో పెట్టగలిగేది కొర్రమీనూ వాలుగే. వాటిని ఏరేసి, జిలేబీలు పెరిగిపోయాయని ఏడిస్తే లాభం లేదు. ఇళ్లలో అద్దాల తొట్టెల కోసం తెచ్చి, పెద్దవయ్యాక కాల్వల్లో పారేసిన ముళ్ల కవచం చేప, జనం దెయ్యం చేప అంటున్నది, ఇంకా పెద్ద తలనొప్పి. తూర్పు కనుమల్లో పరిశీలించిన నీటి వనరుల్లో అరవై శాతం దాకా దాని జాడ ఉందని 2024లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెప్పారు. వాళ్లు చేపను పట్టలేదు. గ్లాసెడు నీటిలో చేప వదిలిన డీఎన్ఏ తునకల్ని పట్టారు. వలలు చింపే చేప అది.

ఊరు మారితే మర్యాద మారడం చేపల్లోనూ ఉంది. బాస్‌ను 1925లో జపాన్ తీసుకెళ్లారు. అక్కడ బివా సరస్సులో సొంత చేపల్ని మింగేస్తుంటే, పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలడమే తప్పని 2003లో అక్కడి స్థానిక ప్రభుత్వం నిబంధన పెట్టింది. టెక్సస్‌లో వదలకపోతే తప్పు, బివాలో వదిలితే తప్పు. మన కొర్రమీను కుటుంబానికి అమెరికాలో జరిగింది ఇదే. 2002లో మేరీలాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో చైనా జాతి కొర్రమీను, దాని పిల్లలూ కనిపించాయి. చెరువుకు మందు పెట్టి మొత్తం చంపేశారు. ఆ ఏడాదే కొర్రమీను జాతులన్నిటినీ ప్రాణాలతో దేశంలోకి తేకూడదన్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొర్రమీను పులుసు మీద బెంగపడితే అక్కడ అంగడిలో బతికున్న కొర్రమీను దొరకదు. నీళ్లలో కొర్రమీను పిల్లల గుంపు కనిపిస్తే అక్కడివాళ్లు భయపడతారు. మనం మురిసిపోవాలి. మన కొర్రమీను పుట్టిల్లు ఇది.

పోయిన శ్రావణంలో మళ్లీ నాగులేటి మడుగుకు వెళ్లాను. గట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు గాలాలతో ఉన్నారు. ఎర్రగుంపు అవతల తుంగలో ఉంది. ఒకడు కప్పను గుచ్చుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను వాడికి ఏం చెప్పాలో తెలియక, “కాసేపు చూద్దాం, ఎన్ని నిమిషాలకు పైకొస్తాయో లెక్కపెట్టరా అబ్బాయ్” అన్నాను. వాడు ఫోన్ తీసి గడియారం పెట్టాడు. గుంపు పైకి వచ్చింది, నీళ్లు చిటచిటమన్నాయి. కాసేపటికి మళ్లీ వచ్చింది. మూడోసారి గుంపు దిగిన వెంటనే, దాని పక్కనే, నల్లటి తల ఒకటి పైకి లేచి గుటక వేసి, చప్పుడు లేకుండా కిందికి పోయింది. “మామా, ఇదేనా దాని అమ్మ?” అన్నాడు వాడు. రెండోవాడు అప్పటికే అవతలి వైపు మరో తలను చూసి చేయెత్తి చూపిస్తున్నాడు. కప్ప గుచ్చిన గాలం గట్టు మీద పడి ఉంది. ఇద్దరూ నిమిషాలు లెక్కపెడుతున్నారు.